ఇంటి మనిషి

ఫోర్‌మన్ తుంటి ఎముక విరిగింది ఫౌండ్రీలో కాదు. ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఆ షెడ్డులో ఉద్యోగమంతా గడిపి, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు తప్ప ఇంకే దెబ్బా తగలకుండా బయటపడ్డ మనిషి, రిటైరైన ఇన్నాళ్లకి తన ఫ్లాటు మెట్ల మీద, చేతిలో రొట్టె పొట్లంతో జారిపడ్డాడు. ఇంట్లో ఎవరూ లేరు. భార్య పోయి చాలాకాలమైంది. కింది వాటా వాళ్లు కేక విని అంబులెన్సు పిలిచారు. ఎముకకు రాడ్డు వేసిన డాక్టరు, "కొన్నాళ్లు మీరు ఒక్కరే ఉండటానికి వీల్లేదు పెద్దాయనా," అన్నాడు. కూతురు ఆ మాట కోసమే కాచుకున్నట్టు, ఆయన్ని అడగనైనా అడక్కుండా సామాను సర్దించి తన ఇంటికి తీసుకొచ్చేసింది.

కూతురు లోకల్ రైళ్లు నడుపుతుంది. ఒక వారం తెల్లవారకముందే డ్యూటీకి వెళ్తే, మరో వారం మధ్యాహ్నం వెళ్తుంది. ఆ సంగతి ఫోర్‌మన్ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పేవాడు. "అంత పొడవు రైలండీ! మా అమ్మాయి ఒంటిచేత్తో ఆపుతుంది." నోరు విప్పి చెప్పుకోలేనిదల్లా అల్లుడి సంగతే.

అల్లుడు ఇదివరకు పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేసేవాడు. మంచి పనివాడని పేరు. పాప పుట్టాక మొగుడూ పెళ్లాం కూర్చుని మాట్లాడుకున్నారు. ఆమె డ్యూటీ వేళలకు ఇంట్లో ఎవరో ఒకరు ఉండక తప్పదు, ఆమెది వదులుకునే ఉద్యోగం కాదు అని తేల్చుకుని, అతను మానేశాడు. పాపకిప్పుడు మూడేళ్లు. వంట, బట్టలు, పాప స్నానం, పాప అలకలు, అన్నీ అతనివే. ఈ కబురు విన్న రోజు ఫోర్‌మన్ కూతురితో, "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా ఆయనకి?" అని మాత్రం అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. పార్కులో కలిసే పాత ఫౌండ్రీ మిత్రులు అల్లుడేం చేస్తాడని అడిగితే, "సొంత వ్యాపారం. ఇంటి నుంచే చూసుకుంటారు," అనేవాడు. ఏం వ్యాపారమని ఎవరైనా రెట్టిస్తే ఆయనకి దగ్గు వచ్చేది.

ఆయన పెరిగిన తీరు అలాంటిది. తండ్రి తన మంచినీళ్లు తను ముంచుకు తాగడం ఆయన చూసి ఎరగడు. ఫౌండ్రీలో ఒకసారి అచ్చులు పోసే యువకుడొకడు, బిడ్డకి జ్వరంగా ఉంది, సెలవు కావాలని వస్తే, "ఏం, మీ ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరా?" అన్నాడు ఫోర్‌మన్. షెడ్డంతా గొల్లుమంది. ఆ యువకుడూ నవ్వేసి, చేతితొడుగులు వేసుకుని పనిలోకి వెళ్లిపోయాడు. అది దయలేని మాట అని నవ్వినవాళ్లకీ తోచలేదు, నవ్వులపాలైనవాడికీ తోచలేదు.

కూతురి ఇంట్లో ఆయనకి హాలు పక్క గది ఇచ్చారు. మంచం ఎత్తు సరిగ్గా ఉండాలని అల్లుడు దాని కోళ్ల కింద చెక్కముక్కలు పెట్టాడు. మొదటిరోజు వేడినీళ్లు, తువ్వాలు తెచ్చి, "మావయ్యగారూ, ఒళ్లు తుడిచి బట్టలు మారుద్దామా?" అన్నాడు.

"అక్కర్లేదండీ. అమ్మాయి వచ్చాక చూద్దాం."

అమ్మాయి వచ్చింది. "నన్ను చెయ్యమంటావా నాన్నా? చేస్తాను. నాకేం మొహమాటం లేదు," అంది.

కూతురి ముందు ఒళ్లు విప్పడమన్న ఆలోచనకే ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "ఎవరైనా మనిషిని పెట్టమ్మా," అన్నాడు. పెట్టింది. వచ్చిన మనిషి కొన్నాళ్లు వచ్చి, ఇంకెక్కడో రోజంతా పని దొరికిందని చెప్పాపెట్టకుండా మానేశాడు. మళ్లీ మొదటికొచ్చింది.

అల్లుడంటే ఫోర్‌మన్ లెక్కలో, వస్తే లేచి కుర్చీ చూపించాల్సిన మనిషి. వయసుకి చిన్నవాడైనా "మీరు" అనాల్సిందే. మనసులో ఎంత చిన్నచూపున్నా, పెళ్లయిన రోజు నుంచి ఆ "మీరు" మాత్రం ఆయన తప్పలేదు. అలాంటి మనిషి చేత ఒళ్లు కడిగించుకోవడమా? అంతకంటే కంపు కొడుతూ పడుండటమే నయమనిపించింది.

కానీ ఒంటికి పంతాలు తెలియవు. ఒకరోజు పొద్దున మెలకువ వచ్చేసరికి పక్క పాడైపోయి ఉంది. ఆయన కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు, గోడవైపు తల తిప్పుకుని పడుకున్నాడు. అల్లుడు టీ కప్పుతో వచ్చి, గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగాడు. కప్పు బల్లమీద పెట్టాడు. పాప రాకుండా తలుపు దగ్గరికి వేశాడు. వెళ్లి బేసిన్ నిండా వేడినీళ్లు తెచ్చాడు.

"మావయ్యగారూ, కొంచెం పక్కకి తిప్పుతున్నాను. బరువు నా మీద వెయ్యండి."

చూపు కిటికీ వైపు పెట్టి, చేతులతో పని చేసుకుపోతూ అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. "మా ల్యాబుకి ఒకసారి ఒకాయన వచ్చాడండీ. నా పళ్ల సెట్టు మా ఆవిడక్కూడా సరిపోయేలా సవరించగలరా అని. ఆయన తిన్నాక ఆవిడ పెట్టుకుంటుందట. ముందెవరు తినాలన్నది ఇంట్లో రోజూ గొడవట."

ఫోర్‌మన్ నవ్వలేదు. కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే ఆపుకోలేకపోయాడు. అల్లుడు మొహం తుడిచే తుడుపులోనే ఆ నీళ్లు కూడా తుడిచేశాడు. ఆ రెండింటికీ తేడా ఏమీ లేనట్టే తుడిచాడు.

అక్కణ్నుంచి అది అలవాటైపోయింది. రెండో వారానికి, గడ్డం గీయించుకునే వేళ కోసం ఆయన ఎదురుచూడటం కూడా మొదలుపెట్టాడు. పళ్ల సెట్లు చెక్కిన చేతులు కదా, కత్తి చెంప మీద ఆడుతుంటే తెలిసేది కాదు. కథలు బోలెడు. సెట్టు పెట్టుకుని పెళ్లిచూపులకి వెళ్లి తుమ్మినవాడి కథకి ఫోర్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వి, కుట్లు లాగుతున్నాయని మూలిగాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం, చెప్పకుండా, క్రేన్ వచ్చాడు.

ఫౌండ్రీ కప్పు కింద నడిచే పెద్ద క్రేన్ తోలేవాడు కాబట్టి ఆయన్ని అందరూ క్రేన్ అనే అనేవారు. కరిగిన ఇనుము నిండిన బానని తలల మీదుగా తెచ్చి, చుక్క ఒలక్కుండా దింపేవాడు. ఫోర్‌మన్ కేకకీ క్రేన్ చేతికీ మధ్య మాటలు అక్కర్లేదని షెడ్డులో చెప్పుకునేవారు. ఆయనకీ భార్య పోయింది. ఒక్కడే కొడుకు, వేరే ఊళ్లో బస్సు డిపోలో మెకానిక్కు. ఫోర్‌మన్ కూతురి పెళ్లికి క్రేన్ రాలేకపోయాడు; అప్పుడు భార్య ఆసుపత్రిలో ఉంది. అందుకని అల్లుణ్ని ఎప్పుడూ చూడలేదు.

కూతురు డ్యూటీలో ఉంది. తలుపు తీసింది అల్లుడే. "రండి, లోపలున్నారు," అని గదిలోకి తీసుకొచ్చాడు. భుజాన తడి తువ్వాలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. అప్పుడే ఫోర్‌మన్‌కి ఒళ్లు తుడవడం అయింది. బేసిన్ ఇంకా మంచం పక్కనే ఉంది.

క్రేన్ కుర్చీలో కూలబడి, ఆయాసం తీర్చుకుని, అల్లుణ్ని ఎగాదిగా చూశాడు. "ఎవర్రా ఇతను?"

ఫోర్‌మన్ నోరు తెరిచాడు. 'మా అల్లుడుగారు' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ వెనకే బేసిన్ కనిపించింది, తువ్వాలు కనిపించింది, పార్కులో చెప్పిన వ్యాపారం గుర్తొచ్చింది.

"మా అమ్మాయి పెట్టిన మనిషి," అన్నాడు. అంతటితో ఆగినా పోయేది. ఆ అబద్ధానికి బలం చాల్లేదనిపించిందేమో, అల్లుడి వైపు తిరిగి, "ఏమోయ్, ఆ బేసిన్ తీసుకెళ్లు. మా ఇద్దరికీ టీ పెట్టు," అన్నాడు.

షెడ్డులో రోజూ వాడిన మాటే అది. ఎంతోమందిని అన్నాడు. ఇంతకాలం తర్వాత అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియలేదు.

అల్లుడు వంగి, భుజం మీది తువ్వాలు బేసిన్‌లోకి పిండాడు. వేళ్ల నుంచి నీళ్లు బేసిన్‌లోకి కారుతున్న చప్పుడు వినిపించింది. "అలాగే సార్," అన్నాడు. బేసిన్ ఎత్తుకుని వెళ్లిపోయాడు. గుమ్మంలో బొమ్మతో నిలబడ్డ పాప, వెళ్తున్న తండ్రినీ మంచం మీది తాతనీ మార్చి మార్చి చూసి, తండ్రి వెనకాలే పరిగెత్తింది.

టీ వచ్చింది. పక్కన బిస్కెట్లు కూడా ఉన్నాయి.

"పనిమంతుడిలా ఉన్నాడు," అన్నాడు క్రేన్. "పిల్లని కూడా ఇతనే చూస్తాడా?"

"ఆ. అన్నీ చూస్తాడు."

"మీ అల్లుడుగారేరీ?"

"వ్యాపారం పని మీద వెళ్లారు."

"అదృష్టవంతుడివిరా. నాకూ ఉంటే బాగుండు ఇలాంటి మనిషి," అని క్రేన్ టీ ఊదుకు తాగాడు. ఫోర్‌మన్ మాత్రం తన కప్పు ముట్టకుండా బల్లమీద పెట్టేశాడు.

ఆ సాయంత్రం అల్లుడు అరుస్తాడని ఆయన అనుకున్నాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. అతను అరవలేదు. సూపు ఎప్పటిలాగే వేడిగా వచ్చింది. తలగడ ఎప్పటిలాగే సర్దాడు. "తిప్పుతున్నాను," అన్నాడు. దానికి ముందు ఉండే "మావయ్యగారూ" లేదు. పళ్ల కథలు కూడా ఆగిపోయాయి. కూతురు వచ్చాక ఇద్దరూ వంటింట్లో మాట్లాడుకుంటుంటే ఫోర్‌మన్ చెవులు రిక్కించాడు. రేపటి కూరల గురించి, ఆమె డ్యూటీ మారడం గురించి మాట్లాడుకున్నారు. అతను ఆమెకి చెప్పలేదని అర్థమైంది.

రేపు మాట్లాడదాం అనుకున్నాడు ఫోర్‌మన్. ఆ రేపు రోజూ వెనక్కి జరిగింది. తప్పయిందని తనకంటే చిన్నవాడితో అనడం ఆ నోటికి అలవాటు లేదు. పైవాళ్లతో అన్నాడు చాలాసార్లు, ఉద్యోగం కోసం. కిందివాళ్లతో ఒక్కసారీ అనలేదు.

ఒకరోజు అందరూ కూర్చుని భోంచేస్తున్నారు. ఫోర్‌మన్ అప్పటికి నడిచే స్టాండు పట్టుకుని టేబులు దాకా రాగలుగుతున్నాడు. పాప తినడం ముగించి, గిన్నె ముందుకు తోసి, గొంతు లావు చేసి, తండ్రితో అంది: "ఏమోయ్, ఈ గిన్నె తీసుకెళ్లు."

కూతురు ఫక్కున నవ్వింది. "ఎక్కడ నేర్చావే ఈ మాట?"

అమ్మ నవ్వేసరికి పాపకి హుషారొచ్చింది. "ఏమోయ్! టీ పెట్టు!" అంది ఇంకా గట్టిగా.

ఫోర్‌మన్ చెంచా కింద పెట్టేశాడు. తల ఎత్తలేకపోయాడు.

"పార్కులో ఎవరో అంటే విని ఉంటుంది," అన్నాడు అల్లుడు. లేచి, పాప గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు. కుళాయి చాలాసేపు తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి క్రేన్ ఫోన్ చేశాడు. "నీకు నడక వస్తోందటగా. మీ మనిషిని రోజూ ఒక పూట నా దగ్గరికి పంపరా. కాళ్లు వాచిపోయాయి. చెప్పుల్లో పట్టట్లేదు. స్నానాల గదిలోకి వెళ్లాలంటే భయమేస్తోంది."

"మీ వాడికి చెప్పకపోయావా?"

"వాడికేం చెప్పను? వాడి ఉద్యోగం, వాడి సంసారం. పైగా కన్నకొడుకుని పట్టుకుని నాకు నీళ్లు పొయ్యరా అని ఎలా అడుగుతాం? పరాయి మనిషైతే గొడవ లేదు. డబ్బిచ్చామా, చేయించుకున్నామా. పంపుతావా?"

ఇదిగో, ఇప్పుడు చెప్పేస్తే సరిపోయేది. ఫోర్‌మన్‌కి అది తెలుసు కూడా. ఫోను చెవి మార్చుకున్నాడు. "అతను మానేశాడురా," అన్నాడు.

"అయ్యో. అలాగా. ఇంకెవరైనా తగిలితే చెప్పు మరి."

"చెప్తాను," అన్నాడు. ఎవరినీ వెతకలేదు. వెతికితే ఆ విషయం ఇంట్లో మాట్లాడాల్సి వస్తుంది.

మళ్లీ ఫోన్ వచ్చింది క్రేన్ దగ్గర్నుంచి కాదు. ఫౌండ్రీలో స్టోర్స్ చూసిన మిత్రుడు ఆసుపత్రి నుంచి చేశాడు. క్రేన్ స్నానాల గదిలో పడిపోయాడు. పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టి చూసేసరికి, ఆ తడి నేల మీద పడి ముందురోజు నుంచీ అలాగే ఉన్నాడు. ఊపిరితిత్తులకి నిమ్ము చేసింది. గుండె ఎప్పుడో బలహీనపడిపోయిందట, ఎవరికీ చెప్పలేదు.

ఫోర్‌మన్ ఫోను పెట్టేసి మంచం మీద కూర్చుండిపోయాడు. వంటింట్లో కత్తిపీట చప్పుడు. కూతురు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం మార్చుకోకుండా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏదో చెబుతోంది. ఆయన స్టాండు పట్టుకుని లేచి, అడుగులో అడుగు వేసుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

మొదలుపెట్టడమే కష్టమైంది. మొదలయ్యాక ఆపకుండా చెప్పేశాడు. వ్యాపారం సంగతి, ఆ మధ్యాహ్నం సంగతి, పాప ఆ మాట ఎక్కడ నేర్చిందో, క్రేన్ ఏమడిగాడో, తనేం చెప్పాడో, ఇప్పుడేమైందో. చెబుతున్నంతసేపూ అల్లుడి మొహం వైపు కాక, అతని చేతిలోని ఉల్లిపాయ వైపే చూశాడు.

కూతురు పాపని దింపింది. "వెళ్లి బొమ్మ తెచ్చుకో అమ్మా." పాప వెళ్లాక తండ్రి వైపు తిరిగింది. నెమ్మదిగా అంది:

"అమ్మ మంచాన పడ్డప్పుడు నాకు రైల్వే ట్రైనింగుకి పిలుపొచ్చింది. గుర్తుందా నాన్నా? వెళ్లలేదు. ఆగిపోయాను, అమ్మ పోయాకే వెళ్లాను. అమ్మకి నీళ్లు పోసింది నేను, పక్క మార్చింది నేను. నువ్వు హాల్లో కూర్చుని, ఎలా ఉంది, ఎలా ఉంది అని అడిగేవాడివి. గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడివి కాదు. అమ్మ నీ కోసం తలుపు వైపు చూసేది. అప్పుడు నీ మీద నాకు కోపం కూడా రాలేదు. మగవాళ్లు అంతే అనుకున్నాను." ఆమె భర్త వైపు చూసింది. "అంతే కానక్కర్లేదని ఈయన్ని చూశాకే తెలిసింది."

ఫోర్‌మన్ స్టాండు గట్టిగా పట్టుకున్నాడు. అమ్మ తలుపు వైపు చూసేదన్న మాట ఆయన ఇంతకుముందెప్పుడూ వినలేదు.

అల్లుడు కత్తిపీట వాల్చాడు. "మీరు బయట వ్యాపారం అని చెప్పుకుంటున్నారని మాకెప్పుడో తెలుసు," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నవ్వు రాలేదు. అంతసేపూ మీ ఒళ్లు తుడిచిన చేతులండీ, ఇంకా ఆరను కూడా లేదు. గదిలో ఇద్దరమే ఉంటే అల్లుణ్ని, మూడో మనిషి వస్తే పనివాణ్నా? అదీ పోనివ్వండి. పాప చూసింది. నాన్నని చూసి గర్వపడాలో సిగ్గుపడాలో అది మన దగ్గరే నేర్చుకుంటుంది. ఇంకెక్కడా కాదు."

"తప్పు నాది," అన్నాడు ఫోర్‌మన్. "నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తారా?"

అల్లుడు చేతులు కడుక్కుని, తుడుచుకుని, కారు తాళాలు తీసుకున్నాడు.

క్రేన్ ముక్కుకి గొట్టం పెట్టారు. మొహం చిన్నదైపోయింది. స్టోర్సాయనా, ఇంకో ఇద్దరు పాత మిత్రులూ మంచం చుట్టూ ఉన్నారు. ఫోర్‌మన్ వెనక వస్తున్న అల్లుణ్ని చూసి క్రేన్ కనుబొమలు ముడిచాడు. "మానేశాడన్నావు?"

"మానెయ్యడానికి ఆయన పనివాడు కాదురా. మా అల్లుడుగారు."

స్టోర్సాయన, "మరి వ్యాపారం..." అన్నాడు.

"వ్యాపారం లేదు, ఏమీ లేదు. ఇల్లు చూసుకుంటారు. పాపని చూసుకుంటారు. ఇన్నాళ్లూ నన్నూ చూసుకున్నారు. చెప్పుకోవడానికి సిగ్గేసి మీ అందరికీ అబద్ధం చెప్పాను. మానేశాడని నీతో అన్నదీ అబద్ధమే. అదొక్కటి అనకుండా ఉంటే నువ్విలా..."

క్రేన్ కోప్పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన అల్లుణ్నీ ఫోర్‌మన్‌నీ మార్చి మార్చి చూశాడు. "అల్లుడి చేత బేసిన్ ఎత్తించావా?" అన్నాడు. ఆ గొంతులో నింద లేదు, ఆశ్చర్యమే. "ఎలా ఒప్పుకున్నావురా?"

"ఒప్పుకోలేదు. గతిలేక ఊరుకున్నాను. తర్వాత అలవాటైంది. తర్వాత..." ఫోర్‌మన్ మాట వెతుక్కున్నాడు. "తర్వాత హాయిగా ఉండేది."

క్రేన్ కళ్లు మూసుకున్నాడు. "మొన్న మావాడు ఫోన్ చేసి ఎలా ఉన్నావు నాన్నా అన్నాడు," అన్నాడు. "గుండ్రాయిలా ఉన్నానన్నాను. వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకునే అన్నాను."

అల్లుడు మంచం దగ్గరికి వచ్చాడు. "బాబాయిగారూ, మీ అబ్బాయి నంబరివ్వండి."

"వద్దు బాబూ. వాడికి సెలవు దొరకదు."

"దొరుకుతుందో లేదో ఆయన్నే చెప్పనివ్వండి. వస్తారో రారో కూడా ఆయనే చూసుకుంటారు. అసలు చెప్పకపోతే ఎలా?"

కొడుకు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఆజానుబాహువు, గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు. వస్తూనే తండ్రి మీద కేకలేశాడు, నర్సు వచ్చి మందలించేదాకా. "ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే! నేను రావడం నీకిష్టం లేదేమో అనుకున్నాను నాన్నా!" అని మంచం ఊచ పట్టుకుని ఏడ్చాడు. క్రేన్ ఏం చెయ్యాలో తెలియక కొడుకు చెయ్యి మీద తడుతూ ఉండిపోయాడు.

గుండె బాగుపడేది కాదని డాక్టర్లు చెప్పాక కొడుకు తండ్రిని ఇంటికి తీసుకొచ్చి, తనూ అక్కడే ఉండిపోయాడు. ఫోర్‌మన్ అల్లుడు పాపని భార్య దగ్గర వదిలి వచ్చి, మనిషిని ఎలా తిప్పాలో, వీపు కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో కొడుక్కి నేర్పాడు. మొదటిసారి ఒళ్లు తుడిచే రోజు ఫోర్‌మన్ కూడా అక్కడే ఉన్నాడు. బస్సు ఇంజన్లు విప్పే ఆ పెద్ద చేతులు తండ్రి చొక్కా గుండీ దగ్గర తడబడ్డాయి. క్రేన్ కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించుకుని పడుకున్నాడు.

"మాట్లాడుతూ ఉండండి," అన్నాడు అల్లుడు. "ఏదో ఒకటి. మీ డిపో గురించి చెప్పండి."

కొడుకు గొంతు సవరించుకుని, కొండ ఎక్కనని మొండికేసిన ఒక బస్సు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఫోర్‌మన్ అలవాటు కొద్దీ స్టాండు పట్టుకుని గది బయటికి వెళ్లబోయాడు.

"ఆ తువ్వాలు ఇలా అందుకోండి," అన్నాడు అల్లుడు, తల తిప్పకుండానే.

ఫోర్‌మన్ ఆగాడు. వెనక్కి తిరిగాడు. తువ్వాలు అందించాడు. తర్వాత సబ్బు అందించాడు. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, క్రేన్ పాదం ఒకటి తన చేతుల్లోకి తీసుకుని వేళ్ల సందులు తుడిచాడు. వాపుకి చర్మం మెరుస్తోంది. నొక్కిన చోట సొట్ట పడి, చాలాసేపటికి గానీ నిండలేదు.

క్రేన్ ఒక కన్ను తెరిచాడు. "ఒరేయ్ ఫోర్‌మనూ. మన షెడ్డువాళ్లు గానీ ఇది చూస్తే నవ్వి చచ్చేవాళ్లురా."

"చచ్చేవాళ్లు," అన్నాడు ఫోర్‌మన్. "అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ని."

క్రేన్ ఎక్కువ కాలం బతకలేదు. ఒక మధ్యాహ్నం కొడుకు చొక్కా మారుస్తుండగా, అతని భుజం మీద తల వాల్చి పోయాడు. బస్సు కథ సగంలో ఉంది. తండ్రి వినడం లేదని తెలిశాక కూడా కొడుకు ఆ కథని చివరిదాకా చెప్పాడట. సాగనంపి వచ్చిన రోజు ఫోర్‌మన్ ఎవరితోనూ మాట్లాడకుండా తన గదిలో కూర్చున్నాడు. మిత్రుడి కోసం ఏడ్చాడో, తలుపు వైపు చూస్తూ పోయిన భార్య కోసం ఏడ్చాడో ఆయనకే తెలియదు. కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ ఏమనేది? లోపల, నీతో?" అని అడిగాడు. ఆమెకి గుర్తున్నంతవరకు చెప్పింది. ఏదీ దాచలేదు, తీపి పూసి చెప్పలేదు. ఆయన అంతా విన్నాడు.

అల్లుడితో ఆయనకి మళ్లీ పాత చనువు రాలేదు. వచ్చిందని చెబితే అబద్ధం. మాటలు వచ్చాయి, మర్యాద ఎటూ పోలేదు, అప్పుడప్పుడు ఒక పళ్ల కథ కూడా వచ్చేది. కానీ ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు అతను మధ్యలో మౌనంగా అయిపోయేవాడు. ఫోర్‌మన్ ఆ మౌనాన్ని కదిపేవాడు కాదు.

చేతికర్రతో నడిచే రోజులొచ్చాయి. తన ఫ్లాటుకి వెళ్లిపోతానని ఆయన అంటాడని అందరూ అనుకుంటున్న సమయంలో, ల్యాబు నుంచి అల్లుడికి కబురొచ్చింది. వారంలో కొన్ని పూటలు వచ్చి చేసి పెట్టగలవా అని. భార్య డ్యూటీ వేళలతో ఎంత తంటాలు పడినా కుదరడం లేదు.

"ఆ పూటలు పాపని నేను చూస్తాను," అన్నాడు ఫోర్‌మన్.

కూతురు నమ్మలేనట్టు చూసింది. "నీకు రాదు నాన్నా."

"రాదు. నేర్చుకుంటాను."

అల్లుడు ఆయన్ని స్నానాల గదిలోకి తీసుకెళ్లాడు. పాప స్నానం ఎలా చేయించాలో చెప్పాడు. ముందు పాదాల మీద పోయాలి, తల ఆఖర్న. కళ్లలో సబ్బు పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టాలి. ఏడిస్తే బెదిరించకూడదు, ఆగాలి. ఫోర్‌మన్ ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాడు.

మొదటిరోజు, నాన్న వెళ్లాడని తెలియగానే పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఫోర్‌మన్ నోటి దాకా షెడ్డు కేక ఒకటి వచ్చింది. మింగేశాడు. తుంటి నొప్పి పెడుతుంటే గోడ పట్టుకుని నేల మీదకి దిగి, పాప పక్కన కూర్చుని, ఏడుపు ఆగేదాకా ఉన్నాడు. చెయ్యి అడ్డం పెట్టినా కళ్లలో సబ్బు పడింది. పాప ఆయన్ని కొట్టింది. "తప్పయిందమ్మా," అన్నాడు, ఒకటికి నాలుగుసార్లు. నీళ్లు మళ్లీ పోశాడు.

మధ్యాహ్నం అల్లుడు వచ్చేసరికి స్నానాల గది అంతా నీళ్లు. పాప గౌను ముందువైపు వెనక్కి తొడిగి ఉంది. తాతా మనవరాలూ కిటికీ దగ్గర ఉన్నారు. దాని తడి జుట్టుతో ఆయన దువ్వెన పట్టుకుని తంటాలు పడుతుంటే, అది కాళ్లు ఆడిస్తూ ఓపిగ్గా కూర్చుంది. అల్లుడు గుమ్మంలో నిలబడి చూశాడు. గౌను సరిచెయ్యడానికి రెండడుగులు వేసి, ఆగి, బూట్లు విప్పుకోవడానికి లోపలికి వెళ్లిపోయాడు.

ల్యాబు మళ్లీ పిలిచిన పూట, పాపని తాత దగ్గరే వదిలి పనికి వెళ్లాడు. ఆ తర్వాత పిలిచిన ప్రతి పూటా వెళ్లాడు.